ఐదు సాళ్ల ఎడం

మొన్న గిద్దలూరు పోతుంటే బేస్తవారిపేట దాటగానే మా బస్సు ఒక వెదుర్ల లారీ వెనక ఇరుక్కుంది. అది ముందుకు పోదు, పక్కకు తప్పుకోదు. వెదురు కొసలకు కట్టిన ఎర్రగుడ్డ మా డ్రైవరు ముక్కు ముందే ఊగుతోంది. బస్సులో అందరూ విసుక్కుంటున్నారు. నేను మాత్రం ఆ బొంగుల్ని కళ్లతో కొలుస్తూ కూర్చున్నాను. ఇది నలభై అడుగులు, ఇది పొట్టి, దీనికి నడుం వంకర, ఇది పనికొస్తుంది. పక్క సీటాయన నన్ను వెదుర్ల వ్యాపారి అనుకొని ధర అడిగాడు. నేనూ ఊరుకోకుండా ఒక ధర చెప్పాను. ఎనభై దాటినవాడికి ఈ కొలిచే జబ్బు ఎక్కడ అంటుకుందంటే, మా చిన్న బావ దగ్గర. ఆయన పోయి చాలా ఏళ్లయింది. జబ్బు నాకు వదలలేదు.

మా అక్కను బేస్తవారిపేట దగ్గర ఒక పల్లెకు ఇచ్చారు. అక్క భర్త మాకు పెద్ద బావ. ఆయనకు ఒక్కడే తమ్ముడు, ఆ తమ్ముడే చిన్న బావ. నేను మార్కాపురంలో పలకల కార్ఖానాలో గుమాస్తాను. సెలవు దొరికితే చాలు, రైలెక్కి అక్క ఊరికి పోయేవాణ్ణి. అక్క చేతి అలసంద వడల కోసమని ఇంట్లో చెప్పేవాణ్ణి. అసలు పోయేది చిన్న బావ కోసం. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయిన కొత్త అది. మా తాలూకాలు అప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేవి. ప్రకాశం జిల్లా ఇంకా పుట్టలేదు.

చిన్న బావ కూర్చోగా చూసినవాళ్లు ఆ ఊళ్లో తక్కువ. అన్నం కూడా తట్ట చేతిలో పట్టుకొని ఇంట్లో తిరుగుతూ తినేవాడు. మొదటి ముద్ద వంటింట్లో, రెండోది వసారాలో, చివరి ముద్ద దొడ్లో. కూర్చొని తింటే అన్నం ఏమన్నా పారిపోతుందా అని మా అక్క అడిగేది. ఆయన వేళ్లయినా ఊరుకునేవా అంటే అదీ లేదు. తలుపు మీద, లోటా మీద, నా భుజం మీద, పడుకున్న దూడ వీపు మీద టకటకమని కొడుతూనే ఉండేవాడు. యుద్ధంలో బర్మా వైపు సిగ్నల్ దళంలో పనిచేసి వచ్చిన మనిషి. పొట్టి టక్కు ఒకటి, పొడుగు టక్కు ఒకటి, ఈ రెండు ఉంటే లోకంలో ఉన్న మాటలన్నీ చెప్పొచ్చు, మిగిలిన అక్షరాలన్నీ దండగ అనేవాడు.

యుద్ధం అయిపోయినా ఆ టక్కులు ఆయన్ని వదల్లేదు. ఢిల్లీ నుంచి అమెచ్యూర్ రేడియో లైసెన్సు తెప్పించుకున్నాడు. అంటే ఇంట్లో కూర్చొని, సొంత సెట్టుతో, తనలాంటి లైసెన్సు ఉన్నవాళ్లతో ఏ దేశానికైనా టక్కులు పంపొచ్చు, వినొచ్చు. సెట్టు మద్రాసు పాత సామాన్ల బజారులో కొన్నాడు. సైన్యం వదిలించుకున్న సరుకు. ఊళ్లో కరెంటు లేదు కాబట్టి మోటారు బ్యాటరీ. దాన్ని మార్కాపురం తెచ్చి టూరింగ్ టాకీసు ఇంజనుకు తగిలించి ఛార్జి చేయించుకునేవాడు. అంతసేపూ ఊరకే సినిమా చూడమని వాళ్లు పిలిచేవాళ్లు. ఆయన పోయేవాడు కాదు. ఇంజను చుట్టూ తిరుగుతుండేవాడు, ప్రదక్షిణం చేస్తున్నట్టు.

మా చిన్న బావ రష్యాతో, అమెరికాతో, దక్షిణ ధ్రువంతో మాట్లాడతాడని మార్కాపురంలో నేను చెప్పని టీ దుకాణం లేదు. ఇప్పుడు చెబుతున్నాను, దక్షిణ ధ్రువం నేను కలిపింది. అమెరికా కూడా నేను కలిపిందే. రష్యా ఒకసారి వినపడిందని ఆయనే అన్నాడు. మిగతా రోజులు ఎక్కువగా వినపడింది గరగర.

ఆ గరగర తగ్గించడానికి ఆయన పడని పాట్లు లేవు. ఈ వారం చూసిన తీగ వచ్చే వారం అక్కడ ఉండేది కాదు. తూర్పున ఉన్న బొంగు పడమటికి పోయేది, పడమటిది పడిపోయేది. ఇన్నిసార్లు ఎందుకు మారుస్తావు బావా అంటే, "రాజధానే మద్రాసు నుంచి కర్నూలుకి, కర్నూలు నుంచి హైదరాబాదుకి తిరుగుతుండాది. నా బొంగు నాలుగడుగులు జరిగితే ఏంది నీ బాధ" అన్నాడు. వాన తప్పిన ఒక ఏడు, ఆ తీగలే మబ్బును చెదరగొడుతున్నాయని ఊళ్లో మాట పుట్టింది. చెదరగొట్టే శక్తే ఉంటే పిలుచుకొచ్చే శక్తీ ఉండేది కదా అని ఆయన సమాధానం.

తీగల చివర కరెంటు కారకుండా కట్టడానికి నేను మా కార్ఖానా పలకముక్కలు తెచ్చి ఇచ్చాను. మార్కాపురం పలక మీద ప్రపంచమంతా మాట్లాడుకుంటోందని అప్పట్లో గొప్పగా చెప్పుకున్నాను. మొదటి వానకే ఆ పలకలు తడిసి సెట్టు మూగపోయింది. ఆ సంగతి చెప్పుకోలేదు. చిన్న బావ వాటి స్థానంలో పింగాణీ గుళ్లు కట్టి, నా పలకల్ని లెక్కలు వేసుకోవడానికి వాడుకున్నాడు. ఇంట్లో ఎక్కడ చూసినా అడుగులు, అంగుళాలు, కొట్టివేతలు ఉన్న విరిగిన పలకలే. కూర గిన్నె మీద మూతగా కూడా ఒకటి ఉండేది.

ఆయన నాకు నేర్పిన విద్య ఒక్కటే, అది కూడా ఎద్దుల కుడితితొట్టి దగ్గర. రాగి తీగను నడిమికి తెంచి, ఆ రెండు సగాలకూ సెట్టు నుంచి వచ్చే జంట తీగను కలిపితే దాన్ని డైపోల్ అంటారు. బొంగు పొడవునా దాన్ని నిలువుగా కడితే నాలుగు పక్కలకూ సమానంగా అరుస్తుంది, అంటే ఎటూ గట్టిగా అరవదు. అదే రెండు బొంగులకు రెండు తీగలు కట్టి, రెండింటినీ ఒకేసారి పలికిస్తే వేరే కథ. తొట్టి నీళ్లలో రెండు వేళ్లు ఒక్కసారిగా ముంచి చూపించాడు. రెండు పక్కల నుంచి వలయాలు లేచి, కొన్ని చోట్ల ఒకదాని మీద ఒకటెక్కి పొంగాయి, కొన్ని చోట్ల అణిగిపోయాయి.

"చూసినావా. ఎటు పొంగాల, ఎటు అణగాల అనేది వేళ్ల చేతిలో లేదు. వేళ్ల మధ్య ఎడం చేతిలో ఉండాది. మరీ దగ్గర పెడితే ఒకదాని గొంతు ఒకటి నొక్కుతాయి. మరీ దూరం పోతే చిల్లరచిల్లరగా చెదిరిపోతుంది. అర అలంత ఎడం ఉండాల. పుస్తకంలో అట్లనే ఉండాది."

ఆయన వాడే అల పొడవు డెబ్బై అడుగులు. సగమంటే ముప్పై అయిదు. తొట్టి ఎద్దులది, ఎద్దులు పెద్ద బావవి. నీళ్లలో చేతులు పెట్టింది చూసి మా అక్క నాతో, తీగల మధ్య ఎంత ఎడం ఉండాలో మీ చిన్న బావకు బాగా తెలుసు, మనుషుల మధ్య సంగతే ఎవరూ పుస్తకం రాసినట్టు లేదు, అంది. ఆ మాట ఎందుకు అన్నదో చెప్పాలి.

చిన్న బావ చెప్పాపెట్టకుండా సైన్యంలో చేరిపోయిన మనిషి. ఆయన లేని ఏళ్లన్నీ పెద్ద బావే సేద్యం చేశాడు. తిరిగొచ్చి ఆస్తిలో తన పాలు అడిగితే, ఎంత కావాలో చేత్తో చూపించు, గట్టు వేస్తా అన్నాడు పెద్ద బావ. చిన్న బావకు చేత్తో చూపించడం రాదు. సర్వే మనిషిని పిలిపించి, గొలుసు వేయించి, అంగుళాలతో సహా కొలిపించాడు. తన పాలు ఒక్క అంగుళం ఎక్కువ రాకూడదనే ఆయన ఉద్దేశం. పెద్ద బావకు అది వేరేగా తగిలింది. నాయన కాళ్లతో కొలిచినాడు, నేను కంటితో కొలిచినా, వీడు నా మీద గొలుసు వేయించినాడు, అని ఊరంతా చెప్పుకున్నాడు. ఆ రోజు నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. పాత ఇల్లు, దాని వెనక పొడుగ్గా సన్నగా ఉన్న దొడ్డి చిన్న బావకు. గట్టు అవతల చేను, దాని చివర కట్టుకున్న కొత్త ఇల్లు పెద్ద బావకు.

మాటల్లేవంటే మూతులు కుట్టుకున్నారని కాదు. మా వైపు మాటలు లేనివాళ్లే ఎక్కువ మాట్లాడతారు. అవతలివాడికి వినపడేట్టు గోడతో చెబుతారు, దూడతో చెబుతారు, దారినపోయే నాలాంటివాడితో చెబుతారు. పెద్ద బావ తన వలపటెద్దుతో, అంటే అరకకు కుడిపక్క కట్టే ఎద్దుతో, చెప్పేవాడు. ఇద్దరూ అట్లా ఏళ్లు గడిపారు. చిన్న బావ ఇంటికి మా అక్క గట్టు మీదుగా కూర పంపేది. ఆయన ఖాళీ గిన్నె కడిగి గట్టు మీద పెట్టేవాడు. అంతవరకే.

ఇంతలో మలయా సంగతి వచ్చింది. బర్మాలో ఆయనతో ఒకే డేరాలో పనిచేసిన అరవాయన ఒకాయన యుద్ధం తర్వాత మలయాలో ఏదో రబ్బరు ఎస్టేటులో కుదురుకున్నాడు. ఆయనకూ సెట్టు ఉంది. పొద్దు వాలే వేళ ఇద్దరూ అప్పుడప్పుడు దొరికేవాళ్లు. టక్కులు విని మనిషిని గుర్తుపట్టొచ్చని చిన్న బావ అంటే నేను నమ్మలేదు. "నడక చూసి గుర్తుపట్టవా, అట్లనే. వాడు ఆఖరి టక్కును కొంచెం కుంటిస్తాడు" అన్నాడు. ఆ వేసవిలో ఒక సాయంత్రం ఆ కుంటి టక్కులు సన్నగా వినపడి ఒక కబురు చెప్పాయి. ఎస్టేటు చేతులు మారుతోంది, వానాకాలంలోనే ఈ బంగళా వదిలేస్తున్నా, ఆ తర్వాత సెట్టు ఉండదు, పోయేది ఫలానా ఊరికి. ఆ ఊరి పేరు దగ్గరికి వచ్చేసరికి గరగర. మళ్లీ చెప్పమని అడిగితే మళ్లీ గరగర. జాబు రాసి చూశాడు, జవాబు రాలేదు. ఇక ఆ మనిషి ఆ బంగళాలో ఉండగా ఆ ఒక్క పేరు వినాలి. లేకపోతే లోకంలో ఎక్కడ వెతకాలో తెలియదు.

అప్పటికి దొడ్లో రెండు బొంగులు ఉన్నాయి, కానీ దొడ్డి పొడుగునా, తూర్పున ఒకటి, పడమర ఒకటి. రెండు బొంగుల వరుసకు అడ్డంగా గొంతు పోతుంది. అంటే ఇటు ఉత్తరానికి, అటు దక్షిణానికి. హిమాలయాలకు కొంత, సముద్రానికి కొంత చెప్పుకున్నట్టయింది. మలయా తూర్పున ఉంది. తూర్పుకు పోవాలంటే ఒక బొంగు దక్షిణాన, ఒకటి ఉత్తరాన నిలబడాలి, దొడ్డికి అడ్డంగా. కావలసిన ఎడం ముప్పై అయిదు అడుగులు. దొడ్డి వెడల్పు ముప్పై. గొలుసుతో కొలిచిన ముప్పై.

ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. పెద్ద బావ గట్టు అవతల దుక్కి దున్నుతున్నాడు. చిన్న బావ గట్టు మీద నిలబడి, నా వైపు చూస్తూ, చేనంతా వినపడేట్టు అన్నాడు: "బామ్మర్దీ, మీ పెద్ద బావతో చెప్పు. గట్టుకు ఐదడుగులు ఆయన చేను లోపల ఒక బొంగు నాటుకోవాల. ఈ వానాకాలం వరకే. తర్వాత పీకేస్తా."

పెద్ద బావ అరక ఆపాడు. వలపటెద్దు మెడ నిమిరాడు. "విన్నావా రా. అంగుళాలతో కొలిపించుకున్న మారాజుకు ఐదడుగులు తక్కువైనాయంట."

"తక్కువైంది భూమి కాదని చెప్పు బామ్మర్దీ. ఎడం తక్కువైంది."

"ఎడమా. అది ఎప్పుడో పెట్టుకున్నాడు గదరా, ఇంకెంత కావాలంట."

ఎద్దు ఏమీ అనలేదు. చిన్న బావ కాలు ఊగడం మొదలైంది. నేను మధ్యలో దిగి మలయా కథ చెప్పాను. ఎస్టేటు, బంగళా, గరగర, వినపడని ఊరి పేరు. కొంచెం నా సొంతం కూడా కలిపాను. ఆ అరవాయన చిన్న బావను బర్మా బురదలో రెండు మైళ్లు భుజాన మోశాడన్నాను. అది అబద్ధం. ఇద్దరూ ఒకే దుప్పటి కప్పుకొని జ్వరాలు పడ్డారు, అంతే నాకు తెలిసింది. పెద్ద బావ అంతా విన్నాడు. ఈసారి ఎద్దును వదిలి నాతోనే మాట్లాడాడు.

"ఊరు వదిలేటప్పుడు చెప్పి పొయ్యేటోళ్లు గూడా ఉంటారన్నమాట."

గట్టు మీద కాలు ఊగడం ఆగింది. చిన్న బావ తల దించుకున్నాడు. పెద్ద బావ మళ్లీ ఎద్దు వైపు తిరిగాడు. "గొలుసు, టేపు నా చేన్లో దిగగూడదు. ఆయన కాలు గూడా దిగగూడదు. వాన పడి, విత్తనం పెట్టి, మొలక కనపడినాక గట్టు నుంచి ఎన్నో సాలో చెప్పమను. బొంగు, తీగ, మోకులు గట్టు మీద పెట్టమను. నేనే నాటుతా."

చిన్న బావ ఆలోచించడానికి క్షణం కూడా తీసుకోలేదు. "ఐదో సాలు" అన్నాడు.

ఆ లెక్క ఎట్లా వచ్చిందంటే, గట్టు పక్క చేన్లో వాళ్ల నాయన కాలం నుంచీ కొర్రే. గొర్రుతో విత్తిన కొర్ర సాళ్ల మధ్య అడుగు ఎడం ఉంటుంది. ఐదడుగులకు ఐదు సాళ్లు. లెక్కలో తప్పు లేదు. ఆ ఏడు పెద్ద బావ కొర్ర మానుకొని ఆముదం పెట్టాడు. ఆముదం సాళ్లకు మూడడుగుల ఎడం. మాటలున్న అన్నదమ్ములైతే, ఈయేడు ఏం పెడుతున్నావు అన్నా అనే ప్రశ్న అన్నం తినేటప్పుడు వచ్చేది. వీళ్ల మధ్య ఎద్దు ఉంది. ఎద్దు ఆ సంగతి చెప్పలేదు.

వానలు పడ్డాయి. మొలకలు వచ్చిన వారం చిన్న బావ బ్యాటరీ మోసుకొని మార్కాపురం వచ్చాడు. నాకూ సెలవు దొరికింది. ఇద్దరం కలిసి రైలు దిగి ఇంటికి వచ్చేసరికి బొంగు నిలబడి ఉంది. నిట్టనిలువుగా, మూడు పక్కలా మోకులు బిగించి, తీగ ఎక్కడా నలగకుండా. అంత శుభ్రంగా చిన్న బావ కూడా ఏనాడూ నాటలేదు. అరవై అడుగుల బొంగు అని నేను అందరితో అంటుంటాను, నలభై కూడా ఉండదు. చిన్న బావ గట్టెక్కాడు. టేపు దిగకూడదు కదా, ఆయన కళ్లే టేపు. చూస్తూ చూస్తూ ముఖం నల్లబడింది.

"నలభై అయిదు" అన్నాడు. "పదడుగులు అవతలికి నాటినాడు. కావాలనే."

నేను సాళ్లు లెక్కపెట్టి చూపించాను. ఐదో సాలే, ఆముదం సాలు. ఆయన ఆ సాళ్లను చూశాడు. తప్పు ఎవరిదో తెలుసుకున్నాడు, దాంతో కోపం ఇంకా పెరిగింది. మళ్లీ అడుగుదామా అన్నాను. అడగను అన్నాడు. గట్టు మీద ఈ కొస నుంచి ఆ కొసకు, ఆ కొస నుంచి ఈ కొసకు. నాకు కాళ్లు నొప్పి పుట్టి అక్క దగ్గరికి అన్నానికి పోయాను.

అన్నం తింటూ నోరు ఊరుకోలేదు. బొంగు ఎక్కువ దూరం పోయిందనీ, ఐదడుగులకు పదిహేనడుగులు పడిందనీ అక్కతో చెప్పాను. మరిది అన్నం ముట్టడం లేదని కూడా చెప్పాను. ఆయన ఆ పూట రెండు తట్టలు తిన్నాడు, తిరుగుతూనే. వాళ్ల పెరట్లో చేతులు కడుక్కుంటున్న పెద్ద బావ ఆ మాటలు విన్నాడని చెంబు చప్పుడు ఆగినప్పుడు తెలిసింది.

నేను తిరిగొచ్చేసరికి చిన్న బావ మంకు వదిలేసి తీగ అతుకుతున్నాడు. సెట్టు నుంచి వచ్చే జంట తీగ నడిమికి వచ్చి రెండు కొమ్మలవుతుంది, ఒక్కో బొంగుకు ఒక్కో కొమ్మ. రెండు కొమ్మలూ సమానంగా ఉండాలి, ఒకటి పొడుగైతే రెండు తీగలూ ఒకేసారి పలకవు. ఎడం పెరిగింది కాబట్టి రెండూ పెంచాలి. తిట్టుకుంటూ పెంచాడు. ఎట్లాగూ పాడైంది, ఒకసారి విని చూద్దాం అన్నాడు. కుదురుగా కూర్చొని బాధపడే అలవాటు ఆయనకు లేదు మరి.

పొద్దు వాలింది. హెడ్‌ఫోన్ తలకు తగిలించుకున్నాడు. ఇంతలో నా చెయ్యి పట్టుకొని ఒక వైపు నా చెవికి నొక్కాడు. గరగర ఎక్కడో అడుగున ఉంది. దాని మీద కుంటి టక్కులు, పక్క వీధిలో సుత్తితో కొట్టినంత స్పష్టంగా. ఆ అరవాయన ఇంకెవరితోనో మాట్లాడి, ఈయన పిలిచేలోపు మూసేశాడు. అయినా చిన్న బావ మర్నాడు సాయంత్రం దాకా నిలవలేకపోయాడు. పలకల మీద పలకలు నింపాడు. చివరికి ఒక పలక నా ముందు పెట్టి నవ్వాడు. అర అల దగ్గర గొంతు పెరుగుదల ఆగదు, ఇంకొంచెం పోయేదాకా పెరుగుతుంది, ఆ పైన తగ్గుతుంది. ఆ ఇంకొంచెం సరిగ్గా ఆముదం ఐదో సాలు దగ్గరుంది. పుస్తకం చదివినోడు సగంలో ఆపినాడు, మా అన్న దాటించినాడు, అని తనలో తాను అనుకున్నాడు. పోయి పెద్ద బావతో చెప్పు అన్నాడు. నేను లేచాను. వద్దులే అన్నాడు. గట్టు దాకా పోయి తిరిగొచ్చాడు. ఎద్దుకు చెప్పే మాట కాదు ఇది అన్నాడు. మళ్లీ గట్టు దాకా పోయాడు. చెప్పకుండానే సాయంత్రమైంది.

ఆ సాయంత్రం అరవాయన దొరికాడు. చిన్న బావ టక్కులు కొట్టే మీట మీద వేలు ఆడించాడు, అవతలి నుంచి జవాబు వచ్చింది. కుశలాలు అయ్యాయి. ఇప్పుడు ఊరి పేరు అడిగాను, చెబుతానంటున్నాడు, అని నాకు సైగ చేసి బలపం అందుకున్నాడు. మొదటి అక్షరం పలక మీద పడింది. రెండోది పడింది. అంతలో ముఖం మారిపోయింది. వింటున్న టక్కులు ఊగుతున్నాయట, దగ్గరగా వచ్చి దూరంగా పోతున్నాయట. ఇద్దరం కిటికీలోంచి చూశాం. చేన్లో పెద్ద బావ ఉన్నాడు. రెండు మోకులు విప్పేసి, బొంగు మొదట్లో గడ్డపార దించుతున్నాడు. బొంగు కొస ఆకాశంలో అటూ ఇటూ పోతోంది.

"బామ్మర్దీ, ఉరుకు. పీకొద్దని చెప్పు."

"నా కాలు తిమ్మిరెక్కింది బావా" అన్నాను.

తిమ్మిరి లేదు ఏమీ లేదు. పరుగు పందెంలో పెడితే గెలిచే కాళ్లు అవి. అబద్ధాల్లో నేను ఇప్పటికీ సిగ్గుపడనిది అదొక్కటే. చిన్న బావ నన్ను చంపేసేట్టు చూశాడు. హెడ్‌ఫోన్ పీకి బల్ల మీద పడేసి, కిటికీ దూకి, గట్టు దాటి, ఏళ్ల తరబడి కాలు పెట్టని చేన్లోకి దిగాడు.

"అన్నా, పీకొద్దు."

పెద్ద బావ చేతిలో గడ్డపార ఆగింది. తల ఎత్తలేదు. మొదట్లో పెళ్లగించిన మట్టి వైపే చూస్తూ మాట్లాడాడు. ఈసారి మధ్యలో ఎద్దు లేదు, నేనూ లేను.

"పదడుగులు ఎక్కువ పడిందంట. అన్నం మానేసినావంట. నా చేత్తో తప్పు కొలత పడగూడదు. పీకేసి మూడు సాళ్లు ఇవతలికి నాటుతా."

"తప్పేం పడలేదు."

"అట్లయితే ఎంత ఎడం ఉండాల? ఇప్పుడన్నా నీ నోటితో చెప్పు."

చిన్న బావ అంగుళాల మనిషి. వేలెడు తీగకు కూడా కొలత చెప్పేవాడు. ఆ ప్రశ్నకు జవాబు ఆ పూట పలక మీద మూడు రకాలుగా ఉంది.

"నువ్వు పెట్టినంత" అన్నాడు.

పెద్ద బావ అప్పుడు తల ఎత్తాడు. తమ్ముడి ముఖం చూశాడో బొంగు కొస చూశాడో కిటికీలోంచి నాకు సరిగా తెలియలేదు. బల్ల మీద హెడ్‌ఫోన్ టకటకమంటూనే ఉంది. అప్పుడు నేనే మీట మీద వేలు పెట్టి మలయాకు జవాబిచ్చానని గిద్దలూరు పెళ్లిళ్లలో ఎన్నోసార్లు చెప్పాను. నాకు ఒక్క అక్షరం రాదు. చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను.

మొదలు వదులైంది, మోకులు విప్పి ఉన్నాయి. గాలికి బొంగు వాలిపోతోంది. పెద్ద బావ గడ్డపార కింద పడేసి బొంగును రెండు చేతులా కౌగిలించి పట్టుకున్నాడు.

"పో. ఆ మనిషి ఇంకా పిలుస్తుండాడు" అన్నాడు.

చిన్న బావ కిటికీలోంచే లోపలికి దూకాడు. మళ్లీ చెప్పమని అడిగాడు. మూడో అక్షరం పడింది, నాలుగోది పడింది. చేన్లో పెద్ద బావ చెంప బొంగుకు ఆనించి, కాళ్లు ఆముదం మొలకల మధ్య తన్నిపెట్టి, కదలకుండా నిలబడ్డాడు. పొద్దు గూకేదాకా అట్లాగే ఉన్నాడని చెబుతుంటాను. అంతసేపేమీ లేదు. ఒక ఊరి పేరు, వీధి పేరు, ఇంటి గుర్తు పలక మీద పూర్తిగా ఎక్కేంతసేపు.